ఏడో ప్రశ్నకి జవాబు

టోక్యో,
2022 నవంబరు 20.

సకాతా పట్టణ దేహశుద్ధి సామ్రాజ్య చక్రవర్తి, కమేయు స్నానశాలాధీశ్వరుడు, నా ఒకే ఒక్క మేనమామ తొకుజిరో గారి పాదపద్మాలకు మేనల్లుడు యొహేయి సాష్టాంగపడి రాయునది. (మొన్న మన స్నానశాలలో నీకు చేదోడుగా ఉండే ఇసబురో తాత పంపిన ఫోటోలో ఆ పద్మాలకు గోళ్లు తీయాల్సి ఉంది. చక్రవర్తి గమనించగలరు.)

మావయ్యా, నిన్న కురొసె డాక్టరమ్మ నాకు ఫోన్ చేసింది. ఆవిడ గొంతు వినగానే నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఫోన్లో కనపడదని తెలిసినా నిలబడ్డాను.

"మీ మావయ్యకి చెప్పీ చెప్పీ నా ఊపిరితిత్తులు పాడయ్యేలా ఉన్నాయి. మీరన్నా చెప్పండి. ఈ వైరస్ మామూలు మనిషికొస్తే నాలుగు రోజుల జ్వరం. ఆయనకొస్తే ఏమవుతుందో నాకు తెలీదు. తెలిసినవాళ్ల పేరు చెప్పమన్నా చెప్పలేను. ఆయనకున్న ఊపిరితిత్తుల జబ్బువాళ్లు దేశం మొత్తం మీద వెయ్యిమంది కూడా లేరు. ఎవరికి ఏమైందో ఇప్పుడిప్పుడే పోగేస్తున్నాం," అంది.

నాకు భయమేసింది. తెలీదు అని డాక్టర్లు ఊరికే ఒప్పుకోరు.

అందుచేత ఇందుమూలంగా ఆజ్ఞాపించడమేమంటే, ఈ ఏడాది శీతకాలపు పొద్దు మళ్లే రోజున, అంటే డిసెంబరు ఇరవై రెండున, నువ్వు యూజు స్నానం పెట్టకూడదు. ఆ రోజు తొట్టిలో నిమ్మలాంటి యూజుకాయలు వేసుకుని మునిగితే ఏడాదంతా జలుబు రాదని ఊరు ఊరంతా నమ్మకం. జలుబు రాకుండా ఉండటానికి నూటయాభైమంది ఒక గదిలో చేరి ఒకరి మొహాన ఒకరు ఆవిరి వదులుకోవడం, వాళ్లందరి మధ్యా నువ్వు గల్లా పీటెక్కి కూర్చోవడం! దీన్ని మించిన తెలివి ప్రపంచంలో నా డిగ్రీ ఒక్కటే.

ఉత్తరమెందుకు, ఫోన్ చేయొచ్చుగా అంటావేమో. ఫోన్ వద్దన్నది నువ్వే. "ఫోన్లో నాకు నాలుగు మాటలకి ఊపిరైపోతుందిరా. కాగితం మీదైతే ఎంతసేపైనా తిట్టగలను" అన్నావు. సరే, తిట్టు. నీ తిట్లన్నీ అట్టపెట్టెలో దాచుకుంటున్నాను.

ఇవాళ స్నానం చేస్తూ ఊపిరి బిగపట్టి చూశాను. నలభై లెక్కకే తేలిపోయాను. అమ్మ పోయిన ఏడాది, నాకప్పుడు ఆరేళ్లు, నన్ను తొట్టి గట్టు మీద కూర్చోబెట్టి నువ్వూ ఇసబురో తాతా పందెం మునిగేవారు. లెక్కపెట్టే ఉద్యోగం నాది. నువ్వు డెబ్బై, తాత డెబ్బై ఒకటి. ఎప్పుడూ ఆ ఒక్కటే తేడా. ఆయన కావాలని నీ తర్వాతే తేలేవాడని పెద్దయ్యాక గాని తెలియలేదు. లెక్క తప్పితే నాకు కాఫీ పాల సీసా రద్దు. నా అంకగణితం మొత్తం ఆ వేడినీళ్ల గట్టున నేర్చుకున్నదే.

యూజు స్నానం రద్దు అని వెనక్కి రాయి. ఒక్క మాట చాలు.

ఆజ్ఞాబద్ధుడు కానట్టి,
యొహేయి


సకాతా,
నవంబరు 28.

ఒరేయ్ యొహేయి,

రద్దు కాదు. ఇదిగో, ఒక్క మాట అడిగావు, రెండిచ్చాను. ఉంచుకో.

నాకు ఆజ్ఞలిచ్చేవాడు ఎవడయ్యా అంటే, తొట్టి నీళ్లలో కలిపే స్నానపు పొడి పొట్లాల మీద "ఇంట్లోనే వేడినీటి బుగ్గ" అని రాసి పొట్ట పోసుకునేవాడు. నలభై ఏళ్లుగా బాయిలరు మండించి ఊరి వీపులు తెల్లగా చేసిన వంశంలో పుట్టి, నీలం రంగు పొడికి పాటలు కట్టే ఉద్యోగంలో చేరావు. మీ తాత బతికుంటే నిన్ను పొయ్యిలో పెట్టేవాడు. పచ్చి కట్టెవి, పొగ తప్ప మంట రాదు.

డాక్టరమ్మ నాకూ చెప్పింది. నేను విననివాణ్ణి కాదు. ఐదేళ్ల కిందట ఆవిడే కదా నా ఊపిరితిత్తులు కడిగింది. నీకప్పుడు పరీక్షలున్నాయని పూర్తిగా చెప్పలేదు, ఇప్పుడు విను. ప్రతి మనిషి గాలిసంచుల్లోనూ సబ్బులాంటి జిగురు కాస్త ఉంటుందట. ఎప్పటికప్పుడు ఊడ్చిపారేసే పనివాళ్లు ఒంట్లోనే ఉంటారట. నా పనివాళ్లు సమ్మె చేశారు, జిగురు పేరుకుపోయింది. ఒక తిత్తితో ఊపిరి పీల్పిస్తూ రెండోదాంట్లోకి ఉప్పునీళ్లు పోసి, వీపు మీద చరిచి, వంచి పారబోశారు. సీసాల్లో పట్టి వరసగా పెట్టారు. మొదటి సీసా బియ్యం కడుగునీళ్లలా చిక్కగా ఉంది. పదో సీసాకి పలచబడింది. ఆఖరిది మన తొట్టిలో పొద్దున్నే, ఎవరూ దిగకముందుండే నీళ్లలా ఉంది. ఆ సీసాని చూసి నేను ఏడ్చాను. అంత శుభ్రంగా కడగడం మన ఇంటా వంటా లేదు.

నలభై ఏళ్లు బయట కడిగినవాడికి ఒక్కసారన్నా లోపల కడిగించుకునే యోగం ఉండాలి కదా. అయింది.

ఇక యూజు సంగతి. ఎర్రగోడ సందులో ముసలమ్మలకి ఇంట్లో తొట్టి లేదు. ఏడాదికి ఆ ఒక్కరోజు వాళ్లు వాసన నూనె రాసుకుని, మంచి బట్టలు తొడుక్కుని, పెళ్లికొచ్చినట్టొస్తారు. వాళ్లకి నువ్వు పొట్లం పొడి పంపుతావా? పంపు, చూస్తాను. నేను అన్నీ చూసుకున్నాను. గల్లా చుట్టూ ప్లాస్టిక్ తెర కట్టించాను. గోడ మీద కుంచెతో రాసి పెట్టాను: "నోరు మూసుకుని మునగండి." మిగతా ఊళ్లలో మర్యాదగా రాసుకున్నారట. మనవాళ్లకి మర్యాద అర్థం కాదు.

అంత బెంగగా ఉంటే నువ్వే వచ్చి కాయలు కడిగి పెట్టు. పెట్టెలు నేను ఎత్తలేను. ఇసబురో బాబాయి కూతురింటికి నీగాతా వెళ్లేలా ఉన్నాడు, మనవరాలికి పురుడు. మనిషి తక్కువ.

తొకుజిరో
(పద్మాలకు గోళ్లు తీశాను.)


టోక్యో,
డిసెంబరు 24.

ప్లాస్టిక్ తెర వెనక వెలసిన మామ దేవుడికి,

క్షేమంగా చేరాను. ఒప్పుకుంటున్నాను, ఓడిపోయాను. ఆ రోజు పెట్టకపోయి ఉంటే పాపం చుట్టుకునేది. రెండు వందల యూజుకాయలు నా చేత్తో కడిగి గుడ్డసంచుల్లో కట్టాను. నా వేళ్లు ఇంకా ఆ వాసనే వేస్తున్నాయి. ఇంట్లోనే మా కంపెనీ పొడి పొట్లం విప్పి, వాసన చూసి, ఫోన్లో "ఇది యూజు కాదు, యూజుకాయ మీద ఎవరో చెప్పిన పుకారు" అన్నాను. మా పైఅధికారికి నచ్చలేదు.

నువ్వు తెర వెనక గాజుతొట్టిలో చేపలా కూర్చుని, నోరు తెరిచిన ప్రతివాడికీ గోడ మీద రాత వైపు వేలు చూపించడం నేను చచ్చేదాకా మర్చిపోను. మగవాళ్ల వైపు ముప్పైమంది మెడ లోతు నీళ్లలో, మెడ చుట్టూ పసుపుపచ్చ కాయలతో, ఒక్క ముక్క మాట్లాడకుండా. ఏదో మఠంలో ధ్యానంలా ఉంది. గోడకి అవతల ఆడవాళ్ల వైపు మాత్రం ఒకావిడ "నోరు మూసుకుంటే స్నానమెలా అవుతుందే?" అంది. నువ్వు గల్లా మీద ఒక్కసారి చెంబుతో కొట్టావు. నిశ్శబ్దం. రాజ్యం అంటే అదీ.

నా గొంతు బొంగురుగా ఉందేమని నువ్వడిగావు కదా. చన్నీళ్లలో కాయలు కడిగి కడిగి పట్టేసింది. ఇప్పుడు ఫరవాలేదు. ఇంట్లోంచే పని చేస్తున్నాను.

తొట్టి వెనక గోడ మీది ఫుజి కొండ బొమ్మ రంగు పెచ్చులూడుతోంది. కొండకి ఎడమ వైపు నేను చిన్నప్పుడు బొగ్గుతో గీసిన పడవ ఇంకా అలాగే ఉంది. రంగు వేసేవాడు వచ్చిన ప్రతిసారీ దాని చుట్టూ వేయించి, దాన్ని మాత్రం వదిలేయించావు కదూ? ఈసారి చూశాను. చెప్పలేదు. ఉత్తరంలోనైతే చెప్పొచ్చు.

ఒంట్లో ఎలా ఉందో రాయి.

యొహేయి


సకాతా, జిల్లా ఆసుపత్రి,
డిసెంబరు 31.

యొహేయి,

పెన్సిలుతో రాస్తున్నాను. పడుకుని రాస్తే పెన్ను కారదు.

జ్వరం ఇరవయ్యైదున వచ్చింది. ఇరవయ్యేడున ఇక్కడికి తెచ్చారు. వైరసే. ముక్కుకి గొట్టం పెట్టారు, రోజూ దాని గాలి పెంచుతున్నారు. ఇప్పుడు కాగితం మీద కూడా నాలుగు మాటలకే ఆగుతున్నాను. నవ్వకు.

ఎవరి దగ్గర్నుంచి అంటిందో చెబుతాను, లేకపోతే నీ బుర్ర ఊరుకోదు. ఇసబురో. యూజు రోజున దగ్గుతూ వచ్చి గల్లా మీదకి వంగి కబుర్లు చెప్పాడు. ముసలాడి సంగతి తెలుసుగా.

నువ్వు రావద్దు. ఎవరినీ రానివ్వరు.

ఇక్కడ జావ బాగుంది. ఉప్పు లేదు.

మామ


టోక్యో,
2023 జనవరి 4.

మావయ్యా,

ఆసుపత్రికి పదకొండుసార్లు ఫోన్ చేశాను. పన్నెండోసారి నర్సమ్మ, "మీరేనా? పొద్దున చెప్పిందే మళ్లీ చెబుతాను, రాసుకోండి" అంది. రాసుకున్నాను. "నిలకడగా ఉంది. గాలి పెంచాం." ఈ రెండు వాక్యాలూ ఒకే నోట్లోంచి ఎలా వస్తాయో నాకు బోధపడలేదు.

నేను చెప్పానా? నవంబరులోనే చెప్పానా లేదా? నా మాట విని ఉంటే ఇప్పుడు గల్లా మీద కూర్చుని నన్ను తిడుతూ ఉండేవాడివి. ఊరికి జలుబు రాకూడదని స్నానం పెట్టావు. ఊరికి రాలేదు. నీకొచ్చింది.

ఇక ఆ ఇసబురో. ఆయనకి నిన్ననే కార్డు రాసి పోస్టులో వేశాను. దాచడమెందుకు, అందులో ఏముందో చెబుతాను: "తాతా, నీకంటే ఒక్క లెక్క ముందే తేలినవాడి ఊపిరి నువ్వు తీసేశావు. డెబ్బై ఎనిమిదేళ్లొచ్చాయి, దగ్గొస్తే ఇంట్లో పడుకోవాలని తెలీదా? ఇక మీదట నువ్వు మునిగినప్పుడు నేను లెక్క పెట్టను." చివర సంతకం కూడా చేయలేదు.

పెద్దవాళ్లకి అలా రాయకూడదు, తెలుసు. కోపమొచ్చింది. కోపం ఎవరి మీదో ఒకరి మీద పడాలి కదా.

గొట్టం పీకేసుకోకు. నీకు అలవాటు. పదేళ్ల కిందట చేతికి కట్టిన పిండికట్టు బాయిలరు దగ్గర కూర్చుని నువ్వే కోసుకున్నావు. ఇది పిండికట్టు కాదు.

ఒక్క గీత గీసి పంపినా చాలు. నిలువు గీత అయినా, అడ్డం అయినా.

యొహేయి


జిల్లా ఆసుపత్రి,
జనవరి 15.

అల్లుడూ,

నిలువు గీత కంటే ఎక్కువే రాయగలుగుతున్నాను. వారం రోజులు నేను ఎక్కడున్నానో నాకు తెలియలేదు. ఊపిరి పీల్చడమనేది ఇంత పెద్ద ఉద్యోగమని ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. సెలవు లేదు, వేరేవాడికి అప్పజెప్పే వీలు లేదు. మొన్నటి నుంచి గాలి కాస్త తగ్గించారు. డాక్టరమ్మ వేలికి తగిలించిన పెట్టె చూసి, "తొంభై ఒకటి" అంది. నేను, "ఇసబురో డెబ్బై ఒకటే" అన్నాను. నాకు మతి పోయిందనుకుని కళ్లలోకి లైటు వేసి చూసింది.

నీ కార్డు వెళ్లింది. ఇసబురో బాబాయి దాన్ని చదివి ఏం చేశాడో తెలుసా? వాళ్లావిడ ఫోటో పక్కన పూజ అరలో పెట్టాడట. కింద గుమ్మం దాకా వచ్చి నాకోసం ముల్లంగి పచ్చడి ఇచ్చి, నర్సుతో కబురంపాడు: "కుర్రాడికి చెప్పమను, తప్పు నాదే. బుద్ధి లేక వచ్చాను. లెక్క పెట్టకపోతే పోయె, అలగొద్దని చెప్పమను."

ఆ పచ్చడి నాకు మింగుడు పడలేదు. ఆసుపత్రిలో పచ్చళ్లు పెట్టరు, అదొక కారణం.

ఆయన్ని ఇంక ఏమీ అనకు. నేను లేనని బాయిలరు ఆయనే మండిస్తున్నాడు. కట్టెలు లేకపోతే వడ్రంగుల దగ్గరికెళ్లి చెక్కపేళ్లు బతిమాలి తెస్తున్నాడట. తొట్టి చల్లబడితే పలకలు బిగుసుకుని పగులుతాయని ఆయన బాధ. స్నానానికెవర్నీ రానివ్వడం లేదు. ఖాళీ తొట్టికి నీళ్లు కాచి పోసి, తనొక్కడే గట్టున కూర్చుని వస్తున్నాడట.

నాకు నువ్వు చిన్నప్పుడు చేసిన పనొకటి గుర్తొచ్చింది. బడి నుంచి గవదబిళ్లలు అంటించుకొచ్చి, బుగ్గలు కనపడకుండా మెడకి తువ్వాలు చుట్టుకుని, పాల సీసాల పెట్టె వెనక దాక్కున్నావు. "ఏంట్రా?" అంటే "చలి" అన్నావు. అది జూలై.

నవ్వితే ఇంకా నొప్పిగానే ఉంది.

మామ


టోక్యో,
జనవరి 22.

మామా,

నీ ఉత్తరం మడత విప్పేటప్పటికే అర్థమైంది, అక్షరాలు నిలబడ్డాయి. కిందటిదాంట్లో అన్నీ తాగినవాళ్లలా ఒరిగాయి. నాలుగుసార్లు చదివాను.

గవదబిళ్లల కథ నేను ఒప్పుకోను. ఆ తువ్వాలు అలంకారం.

ఇసబురో తాతకి వేడిగా ఇంకో కార్డు రాశాను, వేయలేదు. బల్ల మీదే ఉంది. ఆ రోజు ఆయన ఎక్కడ కూర్చున్నాడో గుర్తు తెచ్చుకుందామని చూశాను. మగవాళ్ల వైపు మొత్తం కళ్లముందుంది. బియ్యం కొట్టాయన, ఇద్దరు పోస్టుమేన్లు, కాలికి వాతం ఉన్న గుడి పూజారి. మూలన, ఆయనెప్పుడూ కూర్చునే కొళాయి దగ్గర, ఎవరూ లేరు. ఖాళీ స్టూలుంది. దాని మీద నేనే గుడ్డసంచులు పెట్టాను.

బహుశా సాయంత్రం వచ్చాడేమో, నేను రైలెక్కాక. అంతే అయి ఉంటుంది.

మా కంపెనీ కొత్త పొడికి పేరు పెట్టమన్నారు. "మౌనస్నానం" అన్నాను. అమ్ముడుపోదన్నారు.

నువ్వు ఇంటికెప్పుడు?

యొహేయి


జిల్లా ఆసుపత్రి,
ఫిబ్రవరి 9.

యొహేయి,

ఇది కాస్త పెద్ద ఉత్తరం. రెండు రోజులు పట్టింది.

కురొసె డాక్టరమ్మ ఒక ఫారం తెచ్చింది. మాలాంటి అరుదైన ఊపిరితిత్తుల జబ్బులవాళ్లకి ఈ వైరస్ వస్తే ఎవరు బతికారు, ఎవరికి ఎంత గాలి పట్టింది, ఎన్నాళ్లకి లేచారు, ఇవన్నీ దేశమంతా తిరిగి పోగేస్తున్నారట. "నింపుతారా? బలవంతం లేదు" అంది.

"ఎంతమంది నింపారు?"

"మీ జబ్బువాళ్లు ముప్పై ఒక్కమంది. మీరు ముప్పై రెండు."

"అంతేనా?"

"అంతే. రేపు ఇంకో ఊళ్లో మీలాంటివాడు జ్వరంతో వస్తే, అక్కడి డాక్టరు చూసుకోడానికి ఈ ముప్పై రెండు కాగితాలే ఉంటాయి. అందుకే అడుగుతున్నా, తెలీనిది ఖాళీగా వదిలేయండి. ఊహించి రాయకండి."

నేను వరసగా నింపుకుంటూ పోయాను. వయసు, ఎత్తు, ఎప్పుడు కడిగారు, టీకాలు ఎన్ని. ఏడో ప్రశ్న దగ్గర ఆగాను. "ఎవరి ద్వారా సోకింది? ఆ వ్యక్తికి మొదటి లక్షణం కనిపించిన తేదీ?"

ఇసబురో అని రాయబోయాను, అల్లుడూ. మొదటి అక్షరం రాశాను కూడా. నీకు రాసినప్పుడు చెయ్యి ఆగలేదు, ఇక్కడ ఆగింది. లక్షమందిలో ఒక అబద్ధం తొట్టిలో ఒక్క చెంబు నీళ్లు పోసినట్టు, కలిసిపోతుంది. ముప్పై రెండు మందిలో అబద్ధమంటే, ఎక్కడో ముక్కుకి గొట్టం పెట్టుకుని పడుకున్న ఇంకొకడి మంచం కాలు విరగ్గొట్టినట్టే. రబ్బరుతో తుడిపేశాను.

ఇసబురో బాబాయి ఆ రోజు ఊళ్లోనే లేడు. పంతొమ్మిదో తారీకునే నీగాతా వెళ్లి, ఇరవయ్యేడున వచ్చాడు. నన్ను ఆసుపత్రి బండి ఎక్కిస్తుంటే దగ్గరికొచ్చాడు. అప్పుడే అడిగాను, "బాబాయ్, కుర్రాడు అడిగితే నీ పేరు చెబుతాను, ఫరవాలేదా?" అని. నాకు గుర్తుంది, ఆయన కారణం కూడా అడగలేదు. "డెబ్బై ఎనిమిదేళ్లవాణ్ణి, ఇంకో నింద మోయడానికి చోటుంది. చెప్పుకో" అన్నాడు.

తెర బయటివాళ్లెవరూ జబ్బు పడలేదు. అందరినీ కనుక్కున్నాను. తెర లోపలికొచ్చి, నా పక్కన కూర్చుని, నాతో ఒకే కుండలో అన్నం తిన్నది నువ్వొక్కడివే.

దీన్ని ఖాళీగా వదిలేయొచ్చు. డాక్టరమ్మే చెప్పింది. కానీ నాకు తెలీనిది కాదు కదా, ఇది. తెలిసిందే. తేదీ ఒక్కటే తెలీదు.

నీకు జ్వరం ఏ రోజు మొదలైంది? కోపంగా అడగడం లేదు. ఫారం కోసం అడుగుతున్నాను.

తొకుజిరో మామ


టోక్యో,
ఫిబ్రవరి 13.

మావయ్యా,

జ్వరం డిసెంబరు ఇరవై మూడు పొద్దున వచ్చింది. టోక్యోలో. క్షేమంగా చేరానని నీకు రాసిన ఉత్తరం ముప్పై తొమ్మిది డిగ్రీల జ్వరం మీద రాశాను. తిరుగు రైల్లో అంటుకుందని నాకు నేను చెప్పుకున్నాను. తర్వాత ఇసబురో తాత పేరు నువ్వు చెప్పగానే పట్టేసుకున్నాను. ఎందుకంత గట్టిగా పట్టుకున్నానో నీకు అర్థమయ్యే ఉంటుంది.

కానీ వాళ్లు అడిగింది జ్వరం కాదు. మొదటి లక్షణం.

అది డిసెంబరు ఇరవై ఒకటి, సాయంత్రం. రైలెక్కకముందు. గొంతులో గీరుకుంది. పరీక్ష చేసుకునే పెట్టె అలమరలో ఉంది. తీస్తే వైరస్ ఉందని రెండు గీతలొస్తాయేమోనని, వస్తే రావడానికి వీలుండదని, తీయలేదు. యూజుకాయలు ఎవరు కడుగుతారని అనుకున్నాను. అది కూడా నిజం కాదు. ఆ రోజు అక్కడ ఉండాలనిపించింది. పోయినేడాది రాలేదు, అంతకుముందు ఏడాదీ రాలేదు. నిన్ను చూసి మూడేళ్లయింది.

నవంబరులో నీకు ఆజ్ఞలు రాసినవాణ్ణి నేనే.

ఇరవై ఒకటి అని రాయి. సాయంత్రం ఆరు.

ఇసబురో తాతకి ఏం రాయాలో నాకు తెలియడం లేదు. తెల్ల కార్డు తీసి ముందు పెట్టుకున్నాను.

యొహేయి


సకాతా,
మార్చి 6.

ఒరేయ్ యొహేయి,

ఇంటికొచ్చాను. పక్కన చక్రాల బండి మీద గాలి సీసా, దానికి ఆవు పలుపులా పొడుగు గొట్టం. అది సాగినంత మేర నా రాజ్యం. గల్లా పీట దాకా వస్తుంది, బాయిలరు దాకా రాదు. గల్లా మెట్లెక్కలేను కాబట్టి ఇసబురో బాబాయి ఎక్కి కూర్చుంటున్నాడు. చిల్లర లెక్క తెలీదు, వచ్చినవాళ్లనే తీసుకోమంటున్నాడు. ఎవరూ మోసం చేయడం లేదు. నన్ను నలభై ఏళ్లు మోసం చేసినవాళ్లే.

ఫారం సంగతి రాస్తాను. ఏడో ప్రశ్నలో, "మేనల్లుడు. డిసెంబరు 21, సాయంత్రం 6" అని రాశాను. డాక్టరమ్మ చదివి కళ్లజోడు తీసి తుడుచుకుంది. "గంటతో సహా రాసినవాళ్లు ఎవరూ లేరు," అంది. "మావాడికి చిన్నప్పట్నుంచీ లెక్కలు బాగా వచ్చు," అన్నాను.

చివరి ప్రశ్న: ఇప్పటి పరిస్థితి. నాలుగు గడులు. పూర్తిగా కోలుకున్నారు. కొంత కోలుకున్నారు. మునుపటి కంటే క్షీణించారు. మరణించారు. నాకు సరదా పుట్టి, "నాలుగో గడిలో టిక్కు పెట్టి పంపేవాళ్లు కూడా ఉంటారా అమ్మా?" అన్నాను. "వాళ్లవి మేం పెడతాం," అంది. ముప్పై ఒక్కమందిలో ఎంతమందికి ఆవిడ పెట్టిందో నేను అడగలేదు. ఇద్దరం కాసేపు కిటికీలోంచి మంచు చూశాం.

నేను రెండోదాంట్లో పెట్టాను. ఏప్రిల్లో ఎడమ తిత్తి కడుగుతారు, తర్వాత కుడిది. మొదటి సీసా ఈసారి కుడితిలా ఉంటుందట. ఆఖరి సీసాకి నువ్వుంటే బాగుంటుంది.

ఇసబురోకి నువ్వు పంపిన తెల్ల కార్డు చేరింది. అడ్రసు తప్ప ఒక్క అక్షరం లేదేమిట్రా దాని మీద? ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, "మంచి ఉత్తరం, సూటిగా రాశాడు," అని దాన్నీ పూజ అరలో పెట్టాడు. పాత కార్డు తీసేసి బాయిలర్లో వేశాడు. అది కాస్త మండిందట. నీ రాతల్లో మండినది అదొక్కటే.

ఇంకొకటి చెప్పాలి, ఇది ఫారంలో రాయడానికి చోటు లేదు.

ఆ రోజు పొద్దున్నే నువ్వు వెనక తలుపు దగ్గర నిలబడి "మామా, వచ్చేశా," అన్నావు. ఆ రెండు మాటల్లోనే నాకు తెలిసిపోయింది. ఆరేళ్లప్పటి నుంచి వింటున్న గొంతు. జూలైలో చలి వేసిన గొంతు. డాక్టరమ్మ చెప్పినవన్నీ నాకు ఆ గుమ్మంలోనే గుర్తున్నాయి. "లోపలికి రాకు, వెళ్లిపో" అనొచ్చు. మూడు మాటలే, దానికి సరిపడా ఊపిరి నా దగ్గరుంది. కానీ నీ మొహం చూశాను. మూడేళ్లకి చూశాను. "చలిగా ఉంది, రా" అన్నాను. అవీ మూడు మాటలే.

కాబట్టి తేదీ నీది. తలుపు తీసింది నేను. ఎవరు తీశారని వాళ్లు అడగలేదు. అడిగుంటే నా పేరే రాసేవాణ్ణి, గంటతో సహా.

రంగు వేసేవాడు వచ్చే నెల వస్తాడు. ఫుజి కొండ మళ్లీ కొత్తగా వేస్తాడు. పడవ సంగతి చెప్పాను.

ఒంట్లో బాగుంటేనే రా. ఆ పెట్టె తీసి, ఒక్క గీతే వచ్చిందని రెండుసార్లు చూసుకుని రా. వెనక తలుపు నుంచే రా. గడియ పెట్టడం లేదు.

మామ